అక్క వదిలేసిన పండు

మొన్న వేసవిలో మా అక్క కొడుకు కిరణ్ మా అక్కచెల్లెళ్ళిద్దర్నీ విజయవాడలో ఒక పెద్ద హోటల్‌కి భోజనానికి తీసుకెళ్ళాడు. వ్యాపారంలో కొత్త బ్రాంచి తెరిచాడు, ఆ సంతోషం. పై అంతస్తులో చైనా భోజనం పెట్టే చోటు. అద్దాల్లోంచి చూస్తే కింద కృష్ణ, దాని మీద దీపాలు. అక్కడ కాల్చిన బాతు ప్రత్యేకమట. కిరణ్ మెనూ తెరవకుండానే బాతు తెమ్మన్నాడు. ఆర్డరు రాసుకుని వెళ్ళబోతున్న కుర్రాణ్ణి మా అక్క ఆపింది. "బాబూ, అందులో మామిడిపండు ఏమన్నా వేస్తారా?" అని అడిగింది. లేదు మేడం, మాది వేరే సాసు అన్నాడతను. "లోపల వంటాయన్ని ఒక్కసారి అడిగిరా నాయనా, ఏమనుకోకు" అంది. అతను వెళ్ళి అడిగొచ్చి, లేదని మళ్ళీ చెప్పాక గానీ కుర్చీకి ఆనుకోలేదు. కిరణ్‌కి నవ్వాగలేదు. "నూజివీడు దగ్గర పుట్టి, మైలవరంలో మామిడితోట ఉన్న ఇంట్లో కాపరం చేస్తున్నావు, మామిడిపండంటే నీకు భయమేంటమ్మా?" అన్నాడు. "వేడి చేస్తుందిరా, నాకు పడదు" అంది అక్క, ఎప్పుడూ చెప్పే మాటే. నేను మంచినీళ్ళ గ్లాసు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఆ బల్ల దగ్గర అక్క ఎందుకలా అడిగిందో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

మాది రెడ్డిగూడెం దగ్గర పల్లె. ఎనభైల్లో మా ఇల్లంటే వేసవిలో మనుషులకంటే కాయలదే. వెనక గదిలో మంచాలు తీసేసి, నేలమీద వరిగడ్డి మందంగా పరిచి, దాని మీద కాయలు వరసగా పేర్చి, పైన మళ్ళీ గడ్డి కప్పేవారు. ఆ గది తలుపు తీస్తే ముందు వేడి తగిలేది, తర్వాత వాసన. ఆ వాసన దుప్పట్లకీ, నా స్కూలు సంచికీ, చివరికి దేవుడి గూట్లో వత్తులకి కూడా పట్టేది. పొద్దున్నే మా నాయనమ్మ ఆ గదిలోకి వెళ్ళి, కాయల్ని చేత్తో నొక్కకుండా ముచ్చిక దగ్గర ముక్కు పెట్టి వాసన చూసి, మాగినవాటిని పక్కకి తీసేది. నొక్కి చూసేవాళ్ళంటే ఆవిడకి ఒళ్ళుమంట. "కాయని పిసికి చూసేవాడు పిల్లని చేసుకునేటప్పుడు కూడా అలాగే చూస్తాడు" అనేది. తీసిన కాయల్ని అమ్మ బకెట్ నీళ్ళలో వేసి, సొన పోయేదాకా నాననిచ్చి, మధ్యాహ్నం భోజనాలయ్యాక కత్తిపీట ముందేసుకుని కూర్చునేది. ఏటా కొత్త కాయ మొదటి ముక్క ఎవరి నోట్లోకైనా అమ్మ చేతి మీదుగానే వెళ్ళాలి. అది మా ఇంటి రివాజు. మా నాన్న రామకోటయ్య, ఊళ్ళో పదిమందికి తీర్పు చెప్పే మనిషి, ఆ ఒక్కరోజు మాత్రం అమ్మ ముందు చిన్నపిల్లాడిలా నోరు తెరిచేవాడు.

మా అక్క సుశీల సంగతి వేరే చెప్పాలి. కాయల కాలంలో అక్కకి అన్నం అక్కర్లేదు. పొద్దున్న రసాలు, మధ్యాహ్నం బంగినపల్లి, సాయంత్రం మళ్ళీ రసాలు. చేతుల మీదుగా మోచేతుల దాకా కారినా పట్టించుకునేది కాదు, ఓణీ మీద పసుపు మచ్చల గురించి నాయనమ్మ చేత తిట్లు తినేది. తిండిపోతే కాదు, నాలుక కూడా గట్టిది. కళ్ళు మూసుకోమని నోట్లో ఒక ముక్క పెడితే అది బావి పక్క చెట్టుదో, గట్టు మీద చెట్టుదో చెప్పేసేది. తోటలో కాపలా ఉండే మనుషులు కూడా పందెం కట్టి ఓడిపోయేవారు. నాన్న ఎవరైనా బేరగాళ్ళొస్తే అక్కని పిలిచి ఆ విద్య చూపించేవాడు. పదిహేడేళ్ళ పిల్లని అలా మగవాళ్ళ ముందు నిలబెట్టడం నాయనమ్మకి ఇష్టం ఉండేది కాదు గానీ, నాన్న మురిపెం ముందు ఆవిడ మాట చెల్లేది కాదు.

నాయనమ్మకి మొక్కుల పిచ్చి. ఎవరికి తలనొప్పి వచ్చినా ఏదో ఒకటి మొక్కేసేది. కాశీ వెళ్ళినప్పుడు ఒక కాయ, ఒక ఆకు వదిలెయ్యాలంటే ఆవిడ కాకరకాయ వదిలేసి వచ్చిందట. "పుట్టి బుద్ధెరిగి నువ్వు కాకరకాయ తిన్నదెప్పుడే? విశ్వేశ్వరుడికే టోపీ పెట్టావు" అని మా తాతయ్య పోయేదాకా ఏడిపించేవాడని అమ్మ చెప్పి నవ్వేది. మేమూ నవ్వేవాళ్ళం. ఆ నవ్వుల్లోనే మొక్కుల చట్టం అంతా మా తలల్లోకి ఎక్కింది. ఇష్టమైనది వదిలితేనే మొక్కు. వదిలింది మళ్ళీ ముడితే అడిగిన పని చెడుతుంది. మొక్కు సంగతి నోరు దాటకూడదు, దాటితే ఫలం కూడా దాటిపోతుంది. ఇవన్నీ నాయనమ్మ మాటలు. ఎక్కడ రాసి ఉన్నాయో నాకు ఈరోజుకీ తెలియదు. రాసి ఉంటే ఆ పేజీ చింపాలని ఉంది.

అమ్మకి ఆయాసం అంతకు ముందునుంచే ఉంది. మెట్లెక్కితే ఆగేది, బావిలో చేద తోడితే ఆగేది. అందరూ రక్తం తక్కువన్నారు. ఆ ఏడు పూత సమయానికి పడుకోలేకపోయింది, గోడకి దిండ్లు ఆనించి కూర్చునే నిద్రపోయేది. విజయవాడలో డాక్టరు గుండెలో కవాటం పాడైందనీ, మద్రాసు తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించమనీ చెప్పాడు. మద్రాసులో మాకు తెలిసింది ఒక్కరే, రత్నం గారు. నూజివీడు కోమట్ల బిడ్డ, అక్కడ పెద్ద పండ్ల దుకాణం పెట్టి స్థిరపడ్డాడు. ఏటా మా తోట కాయలు ఆయన దుకాణానికే లారీలో వెళ్ళేవి. నాన్న ట్రంకాల్ చేస్తే, "మీరు బయల్దేరండి రామకోటయ్య గారూ, మిగతాది నేను చూసుకుంటా" అన్నాడట. ఆ ఆసుపత్రిలో మంచం దొరకడం ఆ రోజుల్లో మాటలు కాదు. పెద్ద డాక్టరు గారింటికి పళ్ళు పంపే చనువుతో ఆయనే వెళ్ళి, దండం పెట్టి, మంచం ఇప్పించాడు. ఆ మాట నాన్న మాకు పదేపదే చెప్పాడు. ఆయన మన పాలిట దేవుడు, ఆయన ఇంట్లో గానీ ఆయన ముందు గానీ దేనికీ కాదనకండి అన్నాడు.

మద్రాసు బయల్దేరే ముందు రోజుల్లోనే అక్క పండు తినడం మానేసింది. వెనక గది నిండా కాయలు. అక్క అటు వెళ్ళేది కాదు. మధ్యాహ్నం అందరికీ తనే కోసి పెట్టేది, అమ్మకి కత్తిపీట ముందు కూర్చునే ఓపిక లేదు కాబట్టి. చేతులు కడుక్కుని వెళ్ళిపోయేది. తల్లికి బాగోక పిల్లకి నోరు చేదైపోయిందని నాయనమ్మ అంది. నేను పదేళ్ళదాన్ని, అక్క వాటా కూడా నాకే వస్తోందని లోపల సంబరపడ్డాను.

ఆసుపత్రిలో అమ్మ మంచం కింద మా తోట కాయల చెక్కపెట్టె ఒకటి ఉండేది. డాక్టర్లకీ, నర్సులకీ ఇవ్వడానికని నాన్న తెచ్చాడు. ఆ హాలంతా ఫినాయిలు వాసన, అమ్మ మంచం దగ్గరికి వచ్చేసరికి మాత్రం మా ఇంటి వెనక గది వాసన. పక్క మంచం అరవావిడ ఆ వాసన పీల్చి అమ్మ వంక చూసి నవ్వేది, భాష రాని స్నేహం వాళ్ళది. ఆపరేషన్‌కి ముందురోజు పొద్దున నర్సుని అడిగి అమ్మ ఒక బంగినపల్లి తీయించింది. చిన్న కత్తితో, చెయ్యి వణుకుతుంటే మెల్లగా కోసింది. "ఈ ఏడు మీకెవరికీ నా చేత్తో పెట్టలేదు" అంది. ముందు ముక్క అక్కకి చాపింది. అక్క తల అడ్డంగా ఊపింది. "తినవే సుశీ, ఒక్కటి" అంది అమ్మ. "నాకొద్దమ్మా" అంది అక్క. "రేపు ఎట్లా ఉంటుందో ఏమో, నా తృప్తి కోసం తినవే" అంది అమ్మ. అక్క కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, "వద్దని చెప్తున్నానా" అని కసిరి, మంచినీళ్ళు తెస్తానని కూజా పట్టుకుని వెళ్ళిపోయింది. ఆ కసురుకి నాన్నకి కోపం వచ్చింది. తల్లి మంచంలో ఉంటే ఏంటా పొగరు అని లేచాడు. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఆపి, కాఫీ తాగిరమ్మని పంపించేసింది.

ఇద్దరమే మిగిలాక ఆ ముక్క నా నోటి దగ్గరికి తెచ్చింది. "దాని వాటా కూడా నువ్వే తిను" అంది. అక్క మీద నేను ఏదో అనబోతే, "దాన్నేం అనకు. అది మొక్కుకుంది. నాకు తెలీదనుకుంటోంది పిచ్చిముండ" అంది. ఆ మాట అన్నప్పుడు అమ్మ మొహం వెలిగిపోయింది. తను గోంగూర ఎందుకు తినదో తెలుసా అని అడిగింది. పడదని కదా అన్నాను. "పడకేం. అక్కకి చిన్నప్పుడు టైఫాయిడ్ వచ్చి మూసిన కన్ను తెరవలేదు. అప్పుడు వదిలేశా. మీ నాన్నక్కూడా తెలీదు. అది బతికిందిగా. ఇప్పుడు నా వంతుకి అది వదిలింది, నాకేం కాదు" అంది. అక్కతో ఎప్పుడూ అనొద్దనీ, తెలిసిపోయిందంటే దాని మొక్కు చెడుతుందనీ చెప్పి, నా చేత చేతిలో చెయ్యి వేయించుకుంది. అక్క కూజాతో తిరిగొచ్చేసరికి అమ్మ కళ్ళు మూసుకుని ఉంది. అక్క పండు కోసిన ఖాళీ పళ్ళెం వంక చూసి, కూజా మంచం పక్కన పెట్టింది.

ఆ సాయంత్రమే రత్నం గారు కారు పంపించాడు. ఆపరేషన్ అయితే మళ్ళీ మీకు తీరదు, పిల్లలు ఆసుపత్రి గోడలు చూసి చూసి వాడిపోయారు, ఒక్క పూట సరదాగా భోజనం చేద్దాం అన్నాడు. నాన్నకి కాలు కదలలేదు. అమ్మే వెళ్ళమంది. ఆయన మాట తీసెయ్యకండి, నా దగ్గర అరవావిడ ఉంటుందిగా అంది. నాన్న ఇస్త్రీ పంచె కట్టుకున్నాడు. అక్క ఆకుపచ్చ ఓణీ వేసుకుంది. కారులో కూర్చున్నంతసేపూ మా బట్టల్లోంచి ఫినాయిలు వాసన వస్తూనే ఉంది.

అంత ఖరీదైన చోటికి మేం అంతకుముందెప్పుడూ వెళ్ళలేదు. తలుపు తీసిపట్టుకోవడానికి ఒక మనిషి, లోపల ఏసీ చలి, ఎర్ర గుడ్డ దీపాలు, గోడ పొడుగునా అద్దాల తొట్టిలో బంగారు చేపలు. నాన్న చెప్పులు బయట విప్పబోతే రత్నం గారు చెయ్యి పట్టుకుని ఆపాడు. బల్లమీద పరిచిన తెల్లగుడ్డ మా ఇంట్లో పెళ్ళిళ్ళకి తీసే దుప్పట్ల కంటే తెల్లగా ఉంది, దానిమీద చెయ్యి పెట్టాలంటే భయమేసి ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాం. చిత్రమేమిటంటే రత్నం గారు శాకాహారి, కోడిగుడ్డు కూడా తగలనివ్వడు. తనకి విడిగా కూరగాయల అన్నం చెప్పుకుని, మాకోసం బాతు తెప్పించాడు. "నేను ముట్టను గానీ, ఇక్కడికి వచ్చిన వాళ్ళకి ఇది తినిపించకపోతే నాకు తోచదండీ. దొరలూ, సినిమా వాళ్ళూ దీనికోసమే వస్తారు. ఈ హోటల్‌కి పళ్ళన్నీ నేనే వేస్తా" అన్నాడు. నాన్న మర్యాదగా తల ఊపాడు. మా వైపు బాతులంటే కోతలయ్యాక కొల్లేరు వైపు నుంచి మందలుగా వచ్చి చేలల్లో పరిగె గింజలు ఏరుకునేవి. వాటి వెనక కర్ర పట్టుకుని ఎండలో నడిచే మనుషులు గుర్తొచ్చారో ఏమో, నాన్న ఆ తెల్లగుడ్డ వంక చూస్తూ కూర్చుండిపోయాడు.

బాతుని చక్రాల బల్లమీద తోసుకొచ్చారు. మెడతో సహా నిండు బాతు, బెల్లం పాకం పూసినట్టు ఎర్రగా, నున్నగా మెరుస్తోంది. పొడుగు తెల్లటోపీ చైనా వంటాయన దాన్ని ముందు రత్నం గారికి, తర్వాత నాన్నకి చూపించి, ఊ అనేదాకా ఆగాడు. నాన్న ఊ అన్నాడు. పల్చటి కత్తితో చర్మాన్ని తమలపాకు సైజులో పెళుసుగా కోసి పళ్ళెంలో పేర్చాడు. పక్కనే వెదురు బుట్టలో ఆవిరి కక్కుతున్న పల్చటి రొట్టెలు, పుల్కాలు కూడా వాటి ముందు మందమే. ఆ రొట్టెలో రెండు చర్మం ముక్కలు, ఉల్లికాడ, దోసకాయ పెట్టి, చిన్న గిన్నెలోంచి ముదురు రంగు సాసు రాసి, పూతరేకులా మడిచి ఇచ్చారు. పెద్దపిల్ల కాబట్టి మొదటిది అక్క పళ్ళెంలో పెట్టారు. "తినమ్మాయ్, మొహమాటపడకు" అన్నాడు రత్నం గారు. ఆయన ఏదో చూద్దామని కాచుకుని ఉన్నట్టు ముందుకి వంగాడు. ఆ వంగడం ఎందుకో నాకు అప్పుడు తెలియలేదు.

అక్క కొరికింది. రెండుసార్లు నమిలింది. ఆగింది. దవడ అలాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం పెద్దవయ్యాయి. రత్నం గారు చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "నే చెప్పలా, పట్టేస్తుందని. చెప్పమ్మా, ఏంటది? ఆ సాసులో వీళ్ళు రసాలు పిండి వేస్తారు. మామూలు కాయ పనికిరాదండీ, చిక్కదనం రాదు. మీ తోట కాయే, మీ లారీలో దిగిందే నేనిక్కడికి పంపించా" అన్నాడు. నిష్కపటమైన మనిషి. అక్క నాలుక సంగతి నాన్నే ఆయనకి ఎన్నోసార్లు చెప్పాడు. మా తోట కాయ దొరలు తినే బల్ల మీదికి చేరిందని మాకు చూపించి మురిపిద్దామని ఆయన ఆ పొద్దున్నుంచీ ఏర్పాటు చేసుకున్నాడు. నాన్న గిన్నె దగ్గరికి తీసుకుని వాసన చూశాడు. వేసవి మొదలైన దగ్గర్నుంచీ నవ్వు మరిచిపోయిన మనిషి, నవ్వాడు. "ఏ చెట్టుదే సుశీ?" అని అడిగాడు.

అమ్మ చెప్పింది నాకు మాత్రమే తెలుసు. అక్క నోట్లో ఉన్నది తను వదిలేసిన పండని నాకు మాత్రమే తెలుసు. ఉమ్మెయ్యి అక్కా అని లోపల అరుస్తున్నాను. అక్క నాన్న మొహం చూసింది, ఆ నవ్వుని చూసింది. మంచం ఇప్పించిన మనిషిని చూసింది. ఆ తెల్లగుడ్డని చూసింది. గొంతు కదిలింది. మింగేసింది. "గట్టు మీద చెట్టుది నాన్నా" అంది. నాన్న తొడ చరిచి, "చెప్పానా రత్నం గారూ" అన్నాడు. చేతిలో ఉన్న మిగతాది కూడా అక్క వదల్లేదు, ఒక్కొక్క ముక్కే, మందు మింగినట్టు పూర్తిగా తిన్నది. ఎంగిలి వదిలితే ఆ మనిషి నొచ్చుకుంటాడని అనుకుందో, చెడిందేదో ఎలాగూ చెడిందని అనుకుందో నేనెప్పుడూ అడగలేదు. నాకు పెట్టింది నేనూ తిన్నాను. బాతు రుచి ఎలా ఉందంటే చెప్పలేను. పెళుసుగా ఉన్నట్టు, పళ్ళకింద చప్పుడైనట్టు మాత్రం గుర్తు.

తర్వాత చేతులు కడుక్కోవడానికి నన్ను తోడు తీసుకెళ్ళింది. అద్దం ముందు నిలబడి నోరు పుక్కిలించింది. మళ్ళీ పుక్కిలించింది. వేలితో నాలుక గీక్కుంది. ఓణీ ముందంతా తడిసిపోయింది. నేను భయపడి ఏడుపు మొదలుపెట్టాను. "ఎందుకే ఏడుస్తావు, కారంగా ఉందా?" అని నా మొహం తుడిచి, "ఇక్కడేం తిన్నామో అమ్మకి చెప్పకు" అంది. అప్పటికి నా నోట్లో ఇద్దరి రహస్యాలు, అమ్మవి అక్కకి చెప్పకూడదు, అక్కవి అమ్మకి చెప్పకూడదు. పదేళ్ళ పిల్ల నోరు అంత బరువు మోయాల్సింది కాదు.

ఆపరేషన్ బాగా జరిగిందనే చెప్పారు. తర్వాత జ్వరం వచ్చింది, తగ్గలేదు. ఏ మందుకీ లొంగలేదన్నారు. అమ్మని వ్యానులో ఊరికి తీసుకొచ్చాం. రత్నం గారు వ్యాను ముందు కూర్చుని ఊరిదాకా వచ్చి, నాన్నని కావలించుకుని ఏడ్చాడు. జనం, నీళ్ళు, ఏడుపులు అన్నీ అయ్యాక, మర్నాడో ఆ మర్నాడో, ఇంట్లో ఏదో పులిసిన వాసన వస్తోందని ఎవరో అన్నారు. వెనక గది తలుపు తీస్తే, మేం మద్రాసులో ఉన్నన్నాళ్ళూ నాయనమ్మకి కూడా ఆ గది ధ్యాస లేక కాయలన్నీ గడ్డిలోనే మగ్గి, చితికి, ఈగలు ముసిరి ఉన్నాయి. ఎవర్నీ రానివ్వకుండా అక్క ఒక్కతే గంపలకెత్తి గేదెల ముందు పోసింది. చేతులు మోచేతుల దాకా పసుపు. కడుక్కుని వచ్చి, నాయనమ్మ పక్కన కూర్చుని, "వదిలింది తెలీక ముడితే కూడా చెడుతుందా?" అని అడిగింది. దేని గురించో నాయనమ్మకి తెలియదు. కూతురు లాంటి కోడలు పోయిన బాధలో ఉంది. "నిప్పు తెలిసి ముట్టుకున్నా కాలుద్ది, తెలీక ముట్టుకున్నా కాలుద్ది" అంది. ఆ ముసలావిడ మీద నాకు కోపం ఈనాటికీ పోలేదు. ఆవిడ తప్పేం లేదని తెలిసినా పోలేదు.

అక్క ఆ తర్వాత మామిడిపండు ముట్టలేదు. మైలవరం ఇచ్చారు, మా బావగారికీ తోట ఉంది. అందరికీ కోసి పెడుతుంది, తాండ్ర పోస్తుంది, ఆవకాయ కలిపి ఉప్పు చూడమని పనిమనిషి నోట్లోనో, నా నోట్లోనో పెడుతుంది. కాయ ముచ్చిక దగ్గర వాసన చూసి ఏ రోజుకి మాగుతుందో ఇప్పటికీ చెప్తుంది, నాలుక దాకా మాత్రం రానివ్వదు. అడిగినవాళ్ళకి వేడి అంటుంది, ఇప్పుడు షుగర్ అంటోంది. అడిగిన పని చెడిపోయాక ఇంకా ఎందుకు వదలాలో నాయనమ్మ చట్టంలో లేదు. అది మొక్కు కాదు, శిక్ష. తనకి తనే వేసుకుంది.

చెప్పేస్తే పోయేదిగా అని మీకు అనిపించవచ్చు. నాకూ చాలాసార్లు అనిపించింది. అమ్మ చేతి ముక్క కాదన్నాను, అమ్మ నొచ్చుకునే పోయింది, ఎవరో పెట్టింది మాత్రం తిన్నాను అని అక్క ఒక్కసారి, తన పెళ్ళికి ముందు, నా దగ్గర అంది. ఇంకెప్పుడూ ఆ ఊసు ఎత్తలేదు, ఎత్తనివ్వలేదు. అమ్మ నొచ్చుకోలేదే, తెలిసి మురిసిపోయింది అని చెప్పడానికి నోటిదాకా వచ్చేది. కానీ ఆ మాట వెనకాలే ఇంకోటి ఉంది. అది మొక్కుకుంది కాబట్టి నాకేం కాదు అన్న అమ్మ మాట. అది వింటే అక్క బతుకుతుందా? ఒకటి చెప్పి ఒకటి దాచడం చేతకాక రెండూ మింగి కూర్చున్నాను. నేను మొక్కుల్ని నమ్మను. జ్వరాలు ఎందుకొస్తాయో తర్వాత చదువుకున్నాను. ఇప్పుడు అదే ఆపరేషన్ విజయవాడలోనే చేస్తున్నారు, మా వీధిలో ఒకాయన చేయించుకుని కూరగాయల సంచితో నడుచుకుంటూ తిరుగుతున్నాడు. ఆయన్ని చూస్తే సంతోషమూ వేస్తుంది, కడుపూ మండుతుంది. మా గట్టు మీద చెట్టు కూడా లేదిప్పుడు. ఆ తోట కొట్టేసి పామాయిల్ మొక్కలు వేశారు, వాటికి వాసన ఉండదు. మద్రాసు వెళ్ళి తినాల్సిన బాతు, ఫోనులో వేలు పెడితే ఇంటికొస్తోంది. మారనిది అక్క ఒక్కతే. ఆ బల్ల ముందు నుంచి ఇంకా లేవలేదు.

మొన్న విజయవాడ హోటల్లో బాతు అక్క బాగానే తింది. బాగుందిరా అని కిరణ్‌ని మెచ్చుకుంది కూడా. కిందికి దిగాక వాడు కారు తేవడానికి వెళ్ళాడు. మేమిద్దరం మెట్ల పక్కన బెంచీ మీద కూర్చున్నాం. అక్క మోకాళ్ళు రుద్దుకుంటోంది. కణతల దగ్గర తెల్ల వెంట్రుకలు, అచ్చం అమ్మ ముక్కు. అమ్మ బతికి ఉన్నప్పటి వయసు దాటి అక్క ఎంతో దూరం వచ్చేసింది. ఇక నేను ఆగలేకపోయాను.

"అమ్మకి తెలుసక్కా" అన్నాను.

"ఏంటి తెలుసు?"

"నువ్వు పండు వదిలేశావని. ఆ పొద్దున నువ్వు కూజా తీసుకుని వెళ్ళాక నాతో చెప్పింది. నొచ్చుకోలేదు. పిచ్చిముండ, నాకు తెలీదనుకుంటోంది అని మురిసిపోయింది. నీతో అనొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది."

గోంగూర సంగతి కూడా చెప్పాను. రెండో మాట చెప్పలేదు, అది నాతోనే పోతుంది. అక్క నా రాతలు చదవదు, అందుకే ఇక్కడ రాయగలిగాను.

అక్క రోడ్డు మీద వెళ్ళే బళ్ళ వైపు తిరిగింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదని అడుగుతుందనుకున్నాను, అదీ అడగలేదు. మోకాలి మీద చెయ్యి మాత్రం ఆగిపోయింది.

"అయితే ఆ ముక్క ఏమైంది?" అంది.

"నేనే తిన్నా. నీ వాటా కూడా నన్నే తినమంది. తనే నోట్లో పెట్టింది."

"తియ్యగా ఉందా?"

నిజానికి నాకు గుర్తులేదు. ఫినాయిలు వాసన గుర్తుంది, అమ్మ వేళ్ళ వణుకు నా పెదవులకి తగలడం గుర్తుంది.

"ఉంది" అన్నాను.

అక్క తల ఊపింది. కిరణ్ కారు తెచ్చి ఆపాడు. లేవడానికి నా భుజం పట్టుకుని, నెమ్మదిగా లేచి నిలబడింది.

"పోన్లే" అంది. "మనిద్దర్లో ఒకళ్ళమన్నా తిన్నాం."